పొలిమేర రాయి దగ్గర చచ్చిపోయిన సారాయి

1941 మే 13, మంగళవారం, పగలు పదకొండు గంటలకు తాలూకా సబ్ మేజిస్ట్రేటు వారి ఎదుట, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ ఆశపెట్టకుండా ముద్దాయి తన నోటితో చెప్పగా కోర్టు గుమాస్తా ఏసురాజు రాసుకున్నది.

నా పేరు పీర్ బాషా. తండ్రి హుస్సేన్ సాహెబ్, ఇప్పుడు లేరు. నేను పుట్టింది పెద్ద వాన కురిసిన ఏడు. మా వైపు అట్లాంటి ఏడు ఒక్కటే కాబట్టి నా వయసు సర్కారువారు సులభంగా కనుక్కోవచ్చు. ప్రస్తుతానికి నలభై ఆరు అని రాసుకోండి. వృత్తి, రాగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం. చదువు నాలుగో తరగతి. ఐదో తరగతిలో ఎవరో అయ్యవారి కుర్చీకి తుమ్మబంక పూశారు. అయ్యవారు కుర్చీతో పాటు లేచారు, నేను బడిలో నుంచి లేచాను. కాపురం ఎర్రకొట్టాల, కడప జిల్లా. మా ఊరు దాటితే కర్నూలు జిల్లా.

మొదలుపెట్టే ముందు ఒక మనవి. తమరి బల్ల మీద ఉన్న ఆ సీసా మీద కిటికీ ఎండ పడుతోంది. దాన్ని నీడలో పెట్టించండి. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమంటున్నారు. సరే.

నా మీద మోపినవి రెండు. ఒకటి, మద్యం నిషేధించిన కడప జిల్లాలో ఈత సారా కాచానని. రెండు, డ్యూటీలో ఉన్న ఇన్‌స్పెక్టరు వీరభద్రయ్య గారి ఒంటి మీద చెయ్యి వేశానని. మొదటిది అబద్ధం. రెండోది నిజం, కానీ ఒళ్ళంతా కాదు, ఎడమ మడమ ఒక్కటే.

ఇదంతా మొదలైంది ఈత చెట్టు దగ్గర కాదు, నా భార్య జులేఖా బీ కడుపులో. పోయిన దీపావళి నాటికి ఆమె కడుపులో ఒక గడ్డ తగిలింది. నిమ్మకాయంత ఉందన్నది. సంక్రాంతి దాటాక బత్తాయి అన్నది. ఉగాదికి అడిగితే, "ఏమయ్యా, నా కడుపేమన్నా కాయగూరల అంగడా, పూటపూటకూ వచ్చి బేరమాడతావు?" అని కసిరింది. ఆమె కసిరితే నాకు ధైర్యం. ఆ రోజు కసిరేటప్పుడు గోడ పట్టుకుంది.

మిషను ఆసుపత్రికి బండిలో తీసుకుపోయాను. డాక్టరమ్మ చూసి, గడ్డను కోసి తీసేయాలి, మే నెల దాటనీయకూడదు అన్నారు. తీయండి అన్నాను. మత్తుమందు అయిపోయిందన్నారు. యుద్ధం వల్ల ఓడలు రావడం లేదు, మద్రాసుకు రాస్తే రెండు నెలలు ఆగమని జవాబు వచ్చింది. మత్తు లేకుండా చేయాలంటే నలుగురు మనుషులు గట్టిగా పట్టుకోవాలి అన్నారు.

జులేఖా, "నలుగురు సాలరమ్మా. ఈయన నోరు పట్టుకోను ఇంకొకడు కావల్ల," అన్నది.

నవ్వాను. బయటికి వచ్చి ఎద్దులకు నీళ్ళు పెట్టాను. అవి అంతకుముందే తాగి ఉన్నాయి.

మళ్ళీ లోపలికి పోయి ఆ మందు పేరేమని అడిగాను. డాక్టరమ్మ "ఈథరు" అన్నారు. నా చెవికి "ఈతది" అని వినపడింది. తప్పు నాది కాదు, చిన్నప్పటి నుంచి ఈత కల్లు మాట విన్న చెవి అది.

"ఎన్ని కుండలు కావల్లమ్మా?" అన్నాను.

"కుండలెందుకు?"

"ఈడ నిషేధం వచ్చినాక గీసేవాళ్ళు లేరు గానీ, సాగలమర్రి పక్క ఈత చెట్లు శానా ఉండాయి. తెల్లారేలోగా దింపుకొస్తా."

డాక్టరమ్మ ముందు అర్థం కాక చూశారు, తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "ఈత కాదయ్యా, ఈథరు. అది సారాయిలో నుంచే పుడుతుంది. కానీ సారాయి కాదు. పీల్చినవాళ్ళకు ఒళ్ళు కోసినా తెలియదు," అన్నారు.

"సారాయి తాగినోళ్ళకు మాత్రం తెలుస్తాదా?" అన్నది జులేఖా.

ఈ ఈత మాట మళ్ళీ వస్తుంది, గుమాస్తా గారు గుర్తుపెట్టుకోవాలి.

మా ఊరి చివర ఎర్రమన్ను మిల్లు ఉంది. గుట్టలో తవ్విన జాజును అందులో పొడి చేసి రంగుల కోసం మద్రాసుకు పంపుతారు. దాని మేనేజరు కేశవులు, రాజంపేట వాడు, ఇరవై ఏడేళ్ళ పిల్లవాడు. మద్రాసులో రసాయన శాస్త్రం చదివి, రసాయనంలో గట్టెక్కి ఇంగ్లీషులో తప్పాడు. వాడి చొక్కా, పంచె, చెవులు అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఆ సాయంత్రం వాడి దగ్గరికి పోయి, సారాయిలో నుంచి ఈథరు తీయడం నీకు వచ్చునా అని అడిగాను. వాడు ఆరు నెలలుగా ఈ మాట కోసమే కూర్చున్నట్టు లేచాడు.

"సారాయిని కాంచి, ఆ ఆవిరిని కాగిన మన్ను మీద నడిపిస్తే మారిపోతాదన్నా. ఏ మన్ను మీద నడిపిస్తే ఆ సరుకు. ఇనుము తుప్పు మన్ను మీద ఒకటి, పటిక మన్ను మీద ఇంకొకటి."

"మన్ను ఏమైతాదప్పా?"

"ఏం కాదు. ఎంత పోసినామో అంతే ఉంటాది."

పనిచేసి, కూలి అడగకుండా, ఒళ్ళు తరగకుండా ఉండేది లోకంలో ఏముంటుందని మొదట నమ్మలేదు. తర్వాత మా ఊరి ఈరక్క గుర్తుకు వచ్చింది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఈరక్కే కుదురుస్తుంది. ఈరక్క లేకపోతే ఆ పిల్లా పిల్లోడూ పక్కపక్క ఊళ్ళలో ముసలివాళ్ళయ్యేవాళ్ళు. వాళ్ళకు పిల్లలు పుట్టారు, కొందరికి మనవళ్ళు పుట్టారు, ఈరక్క మాత్రం ఎప్పటి ఈరక్కే. ఈ మాట కేశవులుతో చెప్పాను. "సరిగ్గా అంతే అన్నా. రెండు సారాయిలు కలిసి ఒకటైతాయి. కలిసేటప్పుడు ఒక సుక్క నీళ్ళు బయటికి పోతాది," అన్నాడు.

"అది పెండ్లికూతురు ఏడుపు," అన్నాను. అప్పటి నుంచి నాకు రసాయనం మీద అనుమానం లేదు.

కేశవులుకు మాత్రం భయం. "సారాయి యాడ తెస్తావన్నా? కడప జిల్లాలో సీసా సేతిలో కనపడితే జైలే," అన్నాడు.

తమరు స్వయంగా వచ్చి చూస్తే బాగుంటుంది గానీ, నోటితో చెబుతాను. మిల్లు రెండు గదుల కొట్టం. రెండు గదుల నడుమ గోడ. ఆ గోడలో జిల్లాల పొలిమేర రాయి ఉంది. రాయి ముందు నుంచే ఉంది, కట్టినవాడు గోడకు రాయి మిగులుతుందని దాన్ని కలిపి కట్టేశాడు. ఉత్తరపు గది కర్నూలు జిల్లా, అక్కడ సారాయి అంగడికి సర్కారే లైసెన్సు ఇస్తుంది. దక్షిణపు గది కడప జిల్లా, ఇక్కడ సారాయి వాసనకు కూడా సర్కారే జైలు ఇస్తుంది. ఒక సర్కారే రెండు పనులూ ఎందుకు చేస్తుందో నేను అడగడం లేదు. ఇది రాయవద్దు. రాశారా? సరే.

కేశవులుతో ఇట్లా అన్నాను. "గోడకు బొక్క కొట్టి ఇనుప గొట్టం పెడదాం. సారాయి కర్నూలు జిల్లాలోనే కాగుతాది, కర్నూలు జిల్లాలోనే గొట్టంలోకి దూరుతాది. రాయి దాటేలోగా సచ్చిపోతాది. కడప జిల్లాలోకి వచ్చేది దాని శవం గూడా కాదు, వేరే పుట్టుక."

కేశవులు పోయి గోడలోని రాయిని తట్టి చూశాడు. తర్వాత, "నీవు నాలుగుతో ఆపడం మంచిదైంది అన్నా," అన్నాడు.

మేజిస్ట్రేటు వారి ప్రశ్నకు జవాబు: సారాయి రాయికి అవతలే, కర్నూలు వైపే మారిందని నేను ఎట్లా చెప్పగలనంటే, కాగిన మన్నును రాయికి ఉత్తరం వైపు మాత్రమే కూరాము. దక్షిణం వైపు ఉత్త గొట్టం, చల్లని తడి ఇసుక, కింద సీసా. కావాలంటే సారాయిని కర్నూలు మేజిస్ట్రేటు వారు విచారించవచ్చు, మిగిలినదాన్ని తమరు విచారించవచ్చు. ఎవరు విచారించినా ముందు ఆ సీసాను నీడలో పెట్టించండి.

ఏప్రిల్ ఆఖరులో పని మొదలుపెట్టాము. చేతిలో ఉన్నది కదా అని ముందు ఎర్రమన్నే కూరాము. బనగానపల్లె మామిడిపండ్లు బండెడు కుళ్ళినట్టు, ముక్కులోకి సూది దూర్చినట్టు ఒక వాసన వచ్చింది. మిల్లు ఎడ్లను తోలే ఏసేపు ఎడ్లను విప్పుకుని ఊళ్ళోకి పోయాడు. కేశవులు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఇదీ పనికొచ్చే సరుకే అన్నా, దీంతో అద్దాలకు పూత పూస్తారు," అన్నాడు. నా భార్యను అద్దం చేయాలని లేదప్పా అన్నాను.

తర్వాత పటిక. కేశవులు పటికను నీళ్ళలో కరిగించి సోడాకారం కలిపితే తెల్లని పెరుగులాంటిది విరిగింది. దాన్ని కడిగి, ఎండబెట్టి, కాల్చి సున్నంలాంటి మన్ను చేశాడు. జులేఖా విని, "గడ్డం గీసుకుని మొహానికి రుద్దుకునేదాంతో నా కడుపు బాగు సేస్తావా?" అన్నది. అన్నదే గానీ, ఇంట్లో ఉన్న పటిక గడ్డ కూడా తెచ్చి చేతిలో పెట్టింది.

ఈసారి మంట ఎక్కువైంది. కడప వైపు సీసాలో చుక్క పడలేదు, గాలి మాత్రం బుసబుసమని వచ్చింది. ఏం గాలి అని కేశవులు అగ్గిపుల్ల గీశాడు. వాడి కనుబొమ్మలు రెండూ అప్పుడే కాలిపోయాయి. "మంట ఎక్కువైతే రెండు సారాయిలు కలవవన్నా. ఒక్కొక్కటీ దేని దారిన అది నీళ్ళు వదిలేసి గాలైపోతాది," అన్నాడు. మంటను కొలిచే సాధనం లేదు. అందుకని నా సంచీలో నుంచి తగరమూ సీసమూ అడిగి, రెండు చిన్న ఇనుప గిన్నెల్లో వేసి గొట్టం మీద పెట్టించాడు.

"తగరం కరగల్ల, సీసం కరగకూడదు. ఆ రెంటికీ నడుమ మంట నిలుపు."

నా పెళ్ళి అయినప్పటి నుంచి నేను ఇంట్లో నిలబడి ఉన్నది ఆ రెంటికీ నడుమనే. తిత్తి నేను ఊదాను. ఒకసారి సీసం మెత్తబడుతుంటే గిన్నెను చేత్తోనే తోసేశాను, ఈ కుడిచెయ్యి కాలింది అందుకే. కడప వైపు సీసాలో మొదటి చుక్క పడింది. ఆ చుక్క నా వేలి మీద పడి, నేను చూస్తుండగానే చల్లగా మాయమైంది. మే నెలలో మా ఊళ్ళో అంత చల్లనిది నేను ఎప్పుడూ తాకలేదు.

ఆ సరుకు సంగతి డాక్టరమ్మకు ముందే చెప్పి ఉన్నాము. తెండి, నేను మళ్ళీ కడిగి శుద్ధి చేసుకుంటాను, కానీ అది మనిషిని నిద్రపుచ్చుతుందో లేదో పరీక్షించకుండా మీ ఆవిడకు ఇవ్వను అన్నారు. వచ్చే శుక్రవారం, అంటే మే పదహారు, ఆపరేషనుకు పెట్టారు.

ఇక నేను పట్టుబడిన సంగతి. దానికి కారణం మామిడికాయలు. జులేఖా ఊరగాయ కోసం కోయించిన పచ్చికాయలు చల్లగా ఉంటుందని మిల్లు కడప గదిలో గంపలో పెట్టించింది. మంట ఎక్కువైన రోజు వచ్చిన గాలి ఆ గదినిండా నిలిచింది. మూడో రోజుకు గంపెడు కాయలూ పసుపుపచ్చగా మాగిపోయాయి.

"ఊరగాయకు కాయలు పంపితే పండ్లు సేసి ఇస్తావా? నీ సేతికి ఏమిచ్చినా మెత్తబడి వస్తాది," అని జులేఖా గంటసేపు తిట్టింది. మంచం మీద పడుకునే తిట్టింది. నాకు బాగుండింది.

అన్ని పండ్లు తినలేక నాలుగు మా వీధి కానిస్టేబులు హనుమన్నకు ఇచ్చాను. ఇచ్చి ఊరకుండాల్సింది. "జాగ్రత్తప్పా, ఇవి సారాయి ఆవిరికి మాగిన పండ్లు. రెండు మించితే కైపెక్కుతాది," అని వేళాకోళమాడాను. హనుమన్న పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టనివాడు. రెండు తిన్నాడు, మూడోది కూడా తిన్నాడు. తర్వాత గోడ పట్టుకుని నడిచాడు. వాళ్ళింటి అరుగు మీద నిలబడి పెళ్ళాంతో, "నేను ఎవర్ననుకుంటాండావు?" అన్నాడట. మామిడిపండుకు కైపెక్కిన మనిషిని సర్కారువారు ఇంతకుముందు చూసి ఉండరు. ఆ సంగతి తెల్లవారేసరికి ఇన్‌స్పెక్టరు గారి చెవిన పడింది.

మే పదో తేదీ, శనివారం, పగలు నాలుగు గంటలప్పుడు ఇన్‌స్పెక్టరు వీరభద్రయ్య గారు హనుమన్నను వెంటబెట్టుకుని మిల్లుకు వచ్చారు. ఆయన ఎడమ మడమలో తుమ్మముల్లు విరిగి వారం రోజులైంది. ఎవరినీ ముట్టనీయరు. మునివేళ్ళ మీద కొంగలాగా నడుస్తున్నారు. నోట్లో చుట్ట ఉంది.

ఆయన నోట్లోని చుట్టను లాగి బయట మన్నులో తొక్కింది నేనే. ఆ సరుకు పక్కన నిప్పు ఉంటే ఆయన, నేను, సీసా, పొలిమేర రాయి అన్నీ గుంటూరు జిల్లాలో పడేవాళ్ళము. దీన్ని కూడా చెయ్యి వేసినట్టు లెక్కపెట్టుకుంటే పెట్టుకోండి.

కేశవులు పరారయ్యాడని పంచనామాలో రాశారు. పరారు కాలేదు, పక్క గదిలోకి పోయాడు. గడప అవతల నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు, "ఇట్లా రారా," అంటే, "నేను కర్నూలు జిల్లాలో ఉండాను సార్," అన్నాడు. వాడికి అంత తెలివి ఇంగ్లీషు పరీక్షలో ఉండి ఉంటే బాగుండేది.

ఇన్‌స్పెక్టరు గారు సీసా చూపించి, "ఏందప్పా సాయిబూ ఇది?" అన్నారు.

"ఈథరు సార్."

"ఈతదా? నాకు తెలుసు. ఈత చెట్లు యాడ పెట్టినావు?"

"ఈడ ఈత చెట్లు లేవు సార్."

"మరి దేంతో తీసినావు?"

"పటికతో సార్."

"పటిక చెట్టా? అది యాడుండాది?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండవచ్చు. కానీ నా చెయ్యి దానంతట అదే లేచి, వాకిట్లో ఉన్న తుమ్మచెట్టును చూపించింది. హనుమన్న పుట్టింది కూడా మా ఊళ్ళోనే, అది తుమ్మచెట్టని వాడికి తెలుసు. ఇన్‌స్పెక్టరు గారి మొహం చూసి ఊరకున్నాడు. అందువల్ల పంచనామాలో "పటిక చెట్టు ఒకటి, ముళ్ళు గలది, గీత గుర్తులు లేనిది" అని ఉంది. తమరు నవ్వుతున్నారు గానీ, దాని మీద ఇన్‌స్పెక్టరు గారి సంతకం కూడా ఉంది.

తర్వాత వాసన చూసి ధ్రువపరచాలన్నారు. సాక్షిగా ఏసేపును పిలిచారు. ఏసేపు ఒకసారి ముక్కు పెట్టి, "ఇది సారాయి కాదు సార్. ఈత సారా అసలే కాదు," అన్నాడు.

"అంత బాగా నీకెట్లా తెలుసురా?"

ఏసేపు ఎడ్లకు నీళ్ళు పెట్టాలని గుర్తు చేసుకున్నాడు.

దాంతో ఇన్‌స్పెక్టరు గారు తామే రుమాలు మడిచి, సీసాలో సరుకు దాని మీద ఒంపి, ముక్కుకు అదుముకున్నారు. "సారానే," అన్నారు. మళ్ళీ పీల్చారు. "కాదు." మళ్ళీ ఒంపి పీల్చారు. "తియ్యగుండాది... ఉండు, రాసుకో హనుమన్నా... సారానే." నేను వద్దని రెండుసార్లు చెప్పాను. ఆయన విధి పట్ల అంత శ్రద్ధ గలవారు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళ అత్తగారి గురించి కొన్ని మాటలు చెప్పారు, అవి కేసుకు సంబంధించినవి కావు. "హనుమన్నా, గోడలను కదలకుండా నిలబడమని సెప్పు," అన్నారు. ఎర్రమన్ను మూటల మీద మెల్లగా వాలి నిద్రపోయారు.

హనుమన్న, "సచ్చినాడాప్పా?" అన్నాడు. ఊపిరి చూశాము. చక్కగా ఉంది, గురక కూడా వచ్చింది.

అప్పుడు నేను చేసింది చెబుతాను. ఆ సరుకు నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది నాకు తెలియాలి. ఒళ్ళు కోసినా తెలియదని డాక్టరమ్మ చెప్పారు, కేశవులు చదివిన పుస్తకంలో కూడా ఉందట, నా కంటితో మాత్రం నేను చూడలేదు. మొదటిసారి జులేఖా మీద చూడటానికి నాకు ధైర్యం లేదు. నా ఎదురుగా ఇన్‌స్పెక్టరు గారి ఎడమ మడమ ఉంది, రేగుపండులా వాచి.

కళాయి సంచీలో నుంచి సన్న పటకారు తీశాను. హనుమన్న, "వద్దప్పా, లేస్తే నా ఉద్యోగం ఊడుతాది," అన్నాడు. "లేస్తే ఊడుతాది, లేయకపోతే నా పెండ్లాం బతుకుతాది," అన్నాను. వాడు వచ్చి కాలు పట్టుకున్నాడు. మెల్లగా పట్టుకున్నాడు, అవసరమే లేకపోయింది. పటకారు లోపలికి దించి, ముల్లును పట్టి లాగాను. చీముతో పాటు అర అంగుళం తుమ్మముల్లు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు కదలలేదు. నిద్రలోనే నవ్వారు.

ఆ నవ్వు చూసి నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. "ఏడుస్తాండావా బాషా?" అన్నాడు హనుమన్న. కర్నూలు వైపు పొగ వస్తోంది అని చెప్పాను. అప్పటికి పొయ్యి ఆరి చాలాసేపైంది.

ఆయన లేచి, ఒకసారి వాంతి చేసుకుని, కోపంగా నిలబడ్డారు. నిలబడిన తర్వాత కిందికి చూసుకున్నారు. ఎడమ మడమ నేల మీద ఆనింది. వారం రోజుల తర్వాత ఆనింది. ఆ మడమ మీదే నిలబడి నన్ను అరెస్టు చేశారు. ముల్లును కాగితంలో చుట్టి తెచ్చాను, ఇదిగో. దానికి కూడా ఒక నంబరు వేసి దాఖలు చేసుకోండి. నా నేరానికి సాక్ష్యం అదే, నా తరఫు సాక్ష్యం కూడా అదే.

మేజిస్ట్రేటు వారి ప్రశ్నకు జవాబు: అవును, ఈ ఉదయం ఇన్‌స్పెక్టరు గారు కోర్టు మెట్లు చకచక ఎక్కి వచ్చారు. తమరు చూశారు. అందరమూ చూశాము.

ఇప్పుడు సీసా సంగతి. శనివారం ఇన్‌స్పెక్టరు గారు రుమాలు మీద ఒంపింది పోగా, లక్క వేసి సీలు చేసినప్పుడు సరుకు మెడ కింది దాకా ఉంది. ఆదివారానికి ఒక వేలు దిగింది. నిన్నటికి రెండు వేళ్ళు. ఇన్‌స్పెక్టరు గారు హనుమన్నను అనుమానించి, రోజూ పొద్దున తన మొహం మీద ఊదమంటున్నారు. హనుమన్న తాగలేదు. ఎవరూ తాగలేదు. తాగినవాడు ఎవడైనా ఉంటే స్టేషనులో నేల మీద దొరికేవాడు. అది దానంతట అదే పోతోంది. బిరడా సందులో నుంచి పోతోంది. స్టేషను కిటికీలో పోయింది, ఈ కోర్టు కిటికీ ఎండలో పోతోంది. నేను మాట్లాడుతున్నంతసేపూ పోతోంది. అందుకే నేను గబగబా చెబుతున్నాను, గుమాస్తా ఏసురాజు గారు మాత్రం ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకుంటూ రాస్తున్నారు.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. మళ్ళీ చేద్దామంటే గొట్టం, పటిక మన్ను, నా పటకారు అన్నీ సీలు కింద ఉన్నాయి. ఉన్నది ఆ సీసాలో ఉన్నదే. ఒక సీసా సరిపోతుందని డాక్టరమ్మ అన్నారు. సగం సీసా సరిపోతుందని అనలేదు.

నాకు వకీలు లేడు. వాదన కూడా లేదు. నాకు ఆరు నెలలు వేస్తే వేయండి, ఈత సారా కిందైనా సరే, పటిక చెట్టు కిందైనా సరే, ముల్లు కిందైనా సరే, పోతాను. సీసాను మాత్రం ఆసుపత్రికి వేయండి. ఆ సీసాను నీడలో పెట్టించండి.

ఇంకొక్కటి. శిక్ష శుక్రవారం తర్వాత మొదలయ్యేటట్టు చూడండి. మత్తు దిగి జులేఖా కళ్ళు తెరిచినప్పుడు మొదట నన్ను తిడుతుంది. ఇరవై ఐదేళ్ళుగా పొద్దున లేస్తూనే అదే చేస్తోంది. ఆ రోజు నేను ఎదురుగా లేకపోతే ఆమె తిట్టడానికి ఎవరూ ఉండరు. తిట్టకపోతే ఆమె బాగుందో లేదో డాక్టరమ్మకు ఎట్లా తెలుస్తుంది?

నేను చెప్పింది ఇంతే. రాసినదంతా గుమాస్తా గారు చదివి వినిపించగా విన్నాను. రాయవద్దన్నది కూడా రాశారు, ఉండనీయండి, అది కూడా నిజమే. ఇంతసేపు ఒక్క అబద్ధమూ లేకుండా మాట్లాడటం నా ఒంటికి కొత్త. నాకు సంతకం వచ్చు, కుడిచెయ్యి కాలినందున ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

పీర్ బాషా, ఎడమ బొటనవేలి ముద్ర.

కోర్టువారి దస్తూరీ: వాంగ్మూలం ముగియగానే సీసాను కిటికీ ఎండ నుంచి తీయించి, తడిగుడ్డ చుట్టించి, ఇసుక తొట్టిలో పెట్టించడమైనది. నమూనాగా ఒక ఔన్సు వేరే చిన్న సీసాలో పోసి బల్ల మీద ఉంచి, మిగిలినది మిషను ఆసుపత్రి డాక్టరుకు అప్పగించవలసిందని ఉత్తర్వు. ముద్దాయిని సొంత పూచీకత్తు మీద వచ్చే సోమవారం వరకు విడుదల చేయడమైనది. భోజనం తర్వాత చూడగా నమూనా సీసా ఖాళీగా ఉంది. కోర్టులో ఎవరూ తాగలేదు.

ఆసుపత్రికి సీసాను కానిస్టేబులు చేత పంపుదామనగా ఇన్‌స్పెక్టరు వీరభద్రయ్య లేచి, తానే తీసుకుపోతానన్నారు. బండి పిలిపించమంటారా అని అడిగితే, అక్కరలేదు, నడిచి పోతానన్నారు.